ముల్లు బరువు - ప్లేటు ఆయువు

గ్రామఫోను ప్లేటులో పాట సన్నని గాడిగా ఉంటుంది. గాడి గోడల వంపులను బట్టి ముల్లు కంపిస్తుంది. ఆ కంపనం విద్యుత్తుగా, విద్యుత్తు ధ్వనిగా మారుతుంది.

1948లో వెలువడిన వినైల్ ఎల్.పి. ప్లేటు మీద నేటి ముల్లు సాధారణంగా 2 గ్రాముల ప్రాంతపు బరువుతో ఆనాలి. బరువు మించితే గాడి అరుగుతుంది. మరీ తగ్గితే ముల్లు ఎగిరిపడి గాడిని గీరుతుంది. కనుక కొద్ది డబ్బుతో యంత్రం కొనేవారు పెట్టె సొగసును కాక, ఈ బరువును సవరించే వీలు, అరిగిన ముల్లును మార్చే వీలు ఉన్నవో లేవో చూడాలి.

దుమ్ము ముల్లు క్రింద ఆకురాయి వలె పనిచేస్తుంది. మెత్తని బ్రష్షుతో ముందే తుడవాలి. ప్లేట్లను ఎండ సోకకుండా నిలువుగా ఉంచాలి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేట్లు లక్క కలిపి చేసినవి. వాటి గాడి వెడల్పైనది, ముల్లు వేరు. స్పిరిటు తగిలితే లక్క కరుగుతుంది.

అరిగిన గాడిని తిరిగి నిలిపే ఉపాయం లేదు.