శాలిగ్రామం మీది చుట్ట ఎవరిది?

శాలిగ్రామం చూశారా? నల్లగా, నున్నగా ఉంటుంది. నేపాల్‌లోని గండకీ నదిలో దొరుకుతుంది. కొన్నింటి మీద చుట్ట గుర్తు ఉంటుంది. అది విష్ణుచక్రమని పూజ చేస్తారు. ఆ చుట్ట ఒకప్పటి సముద్రపు ప్రాణి గుల్ల. దాని పేరు అమ్మోనైటు.

కొండల్లోకి సముద్రపు ప్రాణి ఎట్లా వచ్చింది? హిమాలయాలున్న చోట ముందు సముద్రమే ఉండేది. గుల్లలు అడుగు బురదలో కూరుకుపోయి రాయి అయినాయి. తర్వాత ఆ నేలే పైకి లేచింది.

అమ్మోనైటు నత్త లాగుంటుంది గానీ నత్త కాదు. ఆక్టోపస్‌కు చుట్టం. గుల్ల నిండా గదులే. చివరి పెద్ద గదిలో దాని కాపురం. పెరిగేకొద్దీ ముందుకు జరిగి, వెనక అడ్డగోడ కట్టుకునేది. వెనక గదుల్లో గాలి నిండేది. బావిలో ఈత నేర్చే పిల్లల నడుముకు ఖాళీ డబ్బా కడతారు కదా, ఆ గదులు అట్లా పనికొచ్చేవి. నీళ్లు ముందుకు చిమ్మి, ఆ తోపుడుతో వెనక్కి ఈదేది.

ఇక గుల్ల ఆకారం సంగతి. తొట్టి నీళ్లలో చెయ్యి పెట్టి చూడండి. చేతి అంచుతో నీళ్లను కోస్తే సులువుగా పోతుంది. అరచేత్తో తోస్తే నీళ్లు ఆపుతాయి. పళ్లెం లాంటి పలచని గుల్ల కూడా అట్లాగే నీళ్లను కోసుకుంటూ పోయేది. చెంబు లాంటి లావు గుల్లది నిదానం. అయితే గిరుక్కున తిరగడం దానికే సులువు. ఊరికే చెప్పడం కాదు. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయం వాళ్లు అమ్మోనైటు ఆకారంలో మరబొమ్మలు చేసి నీళ్లలో ఈదించి చూశారు. 2022లో ఆ సంగతి అచ్చు వేశారు.

కొన్నింటికి గుల్ల మీద ముళ్లుండేవి. మింగబోయిన చేపకు గుచ్చుకుంటాయి. కానీ ముళ్లుంటే వేగం తగ్గుతుంది. ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాల్సిందే. చుట్ట లేకుండా కర్ర లాగా నిటారుగా పెరిగినవీ ఉన్నాయి!

మన రాష్ట్రంలో ఒంగోలు వైపు బూదవాడ దగ్గర అమ్మోనైట్లు దొరికాయి. ఒక రకానికి ఆ ఊరి పేరే పెట్టారు. మన వీరపునాయునిపల్లె, ఎర్రగుంట్ల వైపు నాపరాళ్లలో మాత్రం వెతకొద్దు. ఆ రాళ్లు ఏర్పడేటప్పటికి అమ్మోనైట్లు పుట్టనే లేదు.

6 కోట్ల 60 లక్షల ఏళ్ల కింద ఆకాశం నుంచి పెద్ద బండ వచ్చి భూమి మీద పడింది. రాక్షస బల్లులతో పాటు అమ్మోనైట్లూ ఆ కాలంలోనే పోయాయి. వాటి దూరపు చుట్టం నాటిలస్ మిగిలింది. చుట్ట గుల్లతో, గాలి గదులతో లోతు సముద్రంలో ఇప్పటికీ వెనక్కి వెనక్కి ఈదుతూనే ఉంది.