గిడసబారిన బాల్యం, స్థూలకాయం: ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దు నేపథ్యం

వ్యాససంగ్రహం

బాల్యస్థూలకాయాన్ని పట్టణ సంపన్నుల సమస్యగా, పోషకాహారలోపాన్ని అటవీ గ్రామాల సమస్యగా విడదీసి చూడటం పరిపాటి. ఇవి ఒకే ఆహార పరివర్తనకు రెండు పార్శ్వాలని, అటవీ సరిహద్దులో స్థూలకాయ నివారణ తిండి తగ్గించడంతో కాక తిండి నాణ్యతను పెంచడంతో మొదలుకావాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: బాల్యస్థూలకాయం, గిడసబారుతనం, పోషణ పరివర్తన, ఆశ్రమ పాఠశాలలు, చిరుధాన్యాలు.

1. ప్రస్తావన

యూనిసెఫ్ 2025 నివేదిక ప్రకారం, 5–19 ఏళ్ల వయోవర్గంలో స్థూలకాయుల శాతం (9.4) తక్కువ బరువు గలవారి శాతాన్ని (9.2) ప్రపంచస్థాయిలో తొలిసారిగా దాటింది. దక్షిణాసియా, సహారా దిగువ ఆఫ్రికా ఇందుకు మినహాయింపు. అయితే ఈ మినహాయింపు ఊరట కలిగించేది కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం, దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువు గలవారు 2015–16లో 2.1 శాతం కాగా, 2019–21 నాటికి 3.4 శాతమయ్యారు. తెలంగాణలోనూ ఈ శాతం పెరిగింది. అదే కాలంలో రాష్ట్రంలో వయసుకు తగిన ఎత్తు లేని, అంటే గిడసబారిన పిల్లలు 28.0 నుంచి 33.1 శాతానికి చేరారు. లోపం తగ్గకుండానే ఆధిక్యం ప్రవేశించడం ఇక్కడ గమనించవలసిన విషయం.

2. పోషణ పరివర్తన

గోదావరి తీరపు కొండరెడ్ల జీవనాన్ని పరిశీలించిన ఫ్యూరర్-హైమెండార్ఫ్ 1945లో ప్రచురించిన గ్రంథంలో పోడు పంటలతోపాటు అడవి దుంపలు, జీలుగు చెట్టు ఇచ్చే ఆహారం ప్రస్తావనకు వస్తాయి. ఆ ఆహారం సమృద్ధమైనదని చెప్పలేం. ఆకలి నెలల్లో మామిడి టెంకల పిండితో అంబలి కాచుకున్న జీవితం అది. కాని అందులో వైవిధ్యం ఉండేది. జొన్న, సామ, వెదురు కొమ్ములు, ఆకుకూరలు, తునికి పండ్లు, మొర్రి పండ్లు ఋతువును బట్టి మారుతూ వచ్చేవి.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం, ఆ తరువాత విస్తరించిన చౌకధరల దుకాణాలు ఆకలిని వెనక్కు నెట్టాయి. ఇది కాదనలేని మేలు. అయితే బియ్యం కంచంలో ప్రధాన స్థానాన్ని ఆక్రమించినకొద్దీ చిరుధాన్యాలు, పప్పులు అంచులకు జరిగాయి. జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 2.8 గ్రాములు, జొన్నల్లో 10.2 గ్రాములు. మాంసకృత్తులు బియ్యంలో సుమారు 8 గ్రాములు, జొన్నల్లో 10 గ్రాములు. ఈ పరివర్తనలో రెండవ దశ చిప్స్ ప్యాకెట్లది, తీపి పానీయాలది. ఖమ్మంలో బేకరీకి వెళ్లే బిడ్డకూ, మన్యంలో వారపు సంతకు వెళ్లే బిడ్డకూ నేడు దొరికే చిరుతిండి దాదాపు ఒకటే.

3. లోపం నుంచి ఆధిక్యానికి

గర్భస్థదశలోని కొరత పెద్దయ్యాక వచ్చే వ్యాధులకు బీజమవుతుందన్న డేవిడ్ బార్కర్ సిద్ధాంతానికి భారతీయ ఉదాహరణను అందించినవారు పుణెకు చెందిన డాక్టర్ సి.ఎస్. యాజ్ఞిక్ బృందం. పుణె ప్రాంత శిశువుల సగటు జనన బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువులది 3.5 కిలోలు. పుణె శిశువుల్లో తగ్గినది ప్రధానంగా కండ. కొవ్వు మాత్రం ఆ మేరకు తగ్గలేదు. బ్రెజిల్‌లోని సావోపాలో మురికివాడల్లో గిడసబారిన పిల్లలపై 2000లో వెలువడిన అధ్యయనం, వారి శరీరం కొవ్వును ఇంధనంగా వాడుకునే శక్తి తక్కువగా ఉందని చూపింది.

మన దేశంలో 2016–18 సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 5–19 ఏళ్ల వయసులో అధిక బరువు గలవారు 4–5 శాతమే అయినా, మధుమేహ పూర్వస్థితిలో ఉన్నవారు సుమారు 10 శాతం. కనుక బరువు ఎక్కువగా కనిపించని బిడ్డకు ముప్పు లేదనుకోవడానికి వీల్లేదు.

4. కొలతలో జాగ్రత్త

తొమ్మిదేళ్ల బాలురు ఇద్దరిని ఊహించుకుందాం. ఇద్దరి బరువూ 30 కిలోలే. ఒకరి ఎత్తు 132 సెంటీమీటర్లు, రెండవవారిది 122. మొదటివారి శరీర ద్రవ్యరాశి సూచీ 17.2, రెండవవారిది 20.2. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం మొదటివారు సాధారణ పరిధిలోనూ, రెండవవారు అధిక బరువు పరిధిలోనూ ఉంటారు. ఎత్తు పెరగని బిడ్డకు కేవలం బరువు పెంచడమే లక్ష్యమైతే, చేరేది కొవ్వే. కాబట్టి అంగన్‌వాడీలో, పాఠశాలలో బరువుతోపాటు ఎత్తునూ క్రమం తప్పక కొలిచి, రెండింటినీ కలిపి చదవాలి.

5. నివారణ మార్గాలు

అ) తొలి వెయ్యి రోజులు: గర్భధారణ నుంచి రెండేళ్లు నిండేవరకు గల కాలం ఎత్తుకు పునాది. 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం గర్భిణులకు, బాలింతలకు ఒక పూట సంపూర్ణ భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు అందిస్తుంది. వాగులు పొంగే నెలల్లోనూ ఇది ఆగకుండా అందడమే స్థూలకాయ నివారణలో తొలి మెట్టు. ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇచ్చి, తరువాత పప్పు, గుడ్డు, ఆకుకూరలు కలిసిన మెత్తని ఆహారం పెట్టాలి. బిస్కెట్ దానికి ప్రత్యామ్నాయం కాదు.

ఆ) పాఠశాల: కొవ్వు, చక్కెర, ఉప్పు అధికంగా గల పదార్థాలను పాఠశాల ఆవరణలోనూ, దాని చుట్టూ 50 మీటర్ల లోపలా అమ్మరాదని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020 నిబంధనలు చెబుతున్నాయి. ఆశ్రమ పాఠశాలల్లో పిల్లలు మూడు పూటలా అక్కడే తింటారు గనుక, జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, గుడ్డు వారి దినచర్యలో స్థిరపడటానికి ఇంతకన్నా అనువైన చోటు లేదు. ఇక్రిశాట్ సహకారంతో భద్రాచలం ఐ.టి.డి.ఎ. పరిధిలో సాగిన గిరిపోషణ కార్యక్రమం చిరుధాన్యాల ఆహారాన్ని సంస్థాగతంగా అందించవచ్చని చూపింది.

ఇ) ఆట: 5–17 ఏళ్లవారికి రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఆటల పీరియడును గణితానికి ఇచ్చే పట్టణ బడులకూ, సాయంత్రాలు గదుల్లోనే గడిచే బాలికల వసతిగృహాలకూ ఇది సమానంగా వర్తిస్తుంది.

6. అధిగమించడం

ఇప్పటికే స్థూలకాయులైన పిల్లలను పస్తు ఉంచరాదు. ఎదిగే వయసు గనుక, చాలామంది విషయంలో బరువు పెరగకుండా నిలకడగా ఉంటే చాలు, పెరిగే ఎత్తు సూచీని తగ్గిస్తుంది. తీపి పానీయాలు మానడం, అన్నం కొలత తగ్గించి పప్పు, కూర పెంచడం, వేళకు నిద్ర కుటుంబమంతా పాటించవలసినవి. ఒక్క బిడ్డకే వేరు కంచం పెట్టడం శిక్షగా మారుతుంది. బొద్దుగా ఉంటేనే ఆరోగ్యమన్న పెద్దల మురిపెం, లావని తోటివారు చేసే ఎగతాళి రెండూ హాని చేసేవే. తీవ్ర స్థూలకాయానికి వైద్యుల పర్యవేక్షణ తప్పనిసరి.

7. ముగింపు

స్థూలకాయ భయంతో మన్యంలో ఆహార పథకాలను కుదిస్తే గిడసబారుతనం పెరుగుతుంది. లోపాన్ని కేవలం బియ్యంతో, చక్కెరతో పూడిస్తే రేపటి మధుమేహానికి దారి వేసినట్లవుతుంది. ఈ రెండు తప్పిదాల నడుమ ఉన్న మార్గం ఒకటే: పథకాల ఫలితాన్ని పంపిణీ చేసిన కిలోలతో గాక, పిల్లలు పెరిగిన ఎత్తుతో, వారి కంచంలోని వైవిధ్యంతో కొలవడం. గృహవిజ్ఞానం, మానవశాస్త్రం, గిరిజన అధ్యయనం చేసే పరిశోధకులు ఈ కొలతను ఆశ్రమ పాఠశాలల స్థాయిలో చేపట్టడం నేటి అవసరం.