నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్: పిల్లలతో ఒక పూట

హైదరాబాద్ నగరం నడిబొడ్డున, నాంపల్లి రైల్వే స్టేషన్‌కు చేరువలో నిజాంల కాలంలో బాగే ఆమ్ అన్న పేరుతో, అంటే ప్రజల తోటగా, రూపుదిద్దుకున్న పబ్లిక్ గార్డెన్స్‌లో పచ్చికతో పాటు రాష్ట్ర పురావస్తు మ్యూజియం, పిల్లలకు ఆటపాటలూ కళలూ నేర్పే బాలభవన్, 1913లో టౌన్‌హాల్‌గా పూర్తయిన శాసనసభ పాత భవనం ఉన్నాయి. మ్యూజియంలో పిల్లలు ముందుగా వెతికేది ఈజిప్టు మమ్మీని, అనగా శవం కుళ్లకుండా ఎండబెట్టి నారబట్టల్లో చుట్టి భద్రపరచిన దేహాన్ని. గాలిలోని ప్రాణవాయువు తగిలితే అది శిథిలమవుతుంది కనుక దానిని ఆక్సిజన్ లేని గాజు పెట్టెలో ఉంచారు.

తోటకు కొద్ది దూరంలోని నౌబత్ పహాడ్‌పై 1976లో ప్రారంభమైన బిర్లా మందిరాన్ని రాజస్థాన్ పాలరాతితో నిర్మించగా, ధ్యానానికి అంతరాయం కలగకూడదని అందులో గంటలు పెట్టలేదు. అదే గుట్టపై ఉన్న బిర్లా సైన్స్ సెంటర్‌లో గ్రహతారల గమనాన్ని గుమ్మటం లోపలి భాగంపై చూపే ప్లానెటోరియమే కాక, ఆదిలాబాద్ ప్రాంతంలోని యామన్‌పల్లి వద్ద తవ్వి తీసిన ఎముకలతో నిలబెట్టిన కోటసారస్ అనే శాకాహార డైనోసార్ అస్థిపంజరం కూడా ఉంది.

అసెంబ్లీ మెట్రో స్టేషన్ తోటకు దగ్గర్లోనే ఉన్నందున, సెలవు దినాలూ ప్రదర్శన వేళలూ ముందుగా తెలుసుకొని, ఎండ ముదరకముందే మ్యూజియంతో మొదలుపెట్టి సాయంత్రానికి గుట్ట ఎక్కడం కుటుంబాలకు అనువైన క్రమం.