స్ట్రాంబోలి ఆరోహణ

స్ట్రాంబోలి ఇటలీ దేశంలో, సిసిలీ ద్వీపానికి ఉత్తరాన, టిర్రేనియన్ సముద్రంలో ఉన్న ఒక చిన్న ద్వీపం. ఈ ద్వీపం మొత్తం ఒక క్రియాశీల అగ్నిపర్వతమే. దాదాపు ఎడతెగకుండా, గంటకు అనేకసార్లు నిప్పులు చిమ్మే ఈ పర్వతం పూర్వం నావికులకు రాత్రివేళ గుర్తుగా ఉపయోగపడేది. అందుచేత దీనికి "మధ్యధరా సముద్రపు దీపస్తంభం" అనే పేరు వచ్చినది. భూగోళశాస్త్రం చదివిన తెలుగు విద్యార్థులకు ఈ పేరు పరిచితమే. స్థానిక గైడు (మార్గదర్శి) వెంట ఈ పర్వతం ఎక్కి, శిఖరం నుండి అగ్నిబిలాలను చూడడం చాలాకాలం ప్రసిద్ధి చెందిన యాత్ర. 2019లో సంభవించిన పెను విస్ఫోటనాల తరువాత శిఖర యాత్ర నిలిపివేయబడినది. ఆ ఆరోహణ ఎలా జరిగేది, అందులో గైడు బాధ్యత ఏమిటి, గైడు ఉన్నప్పటికీ తొలగిపోని ప్రమాదం ఏది అనే విషయాలు ఈ వ్యాసంలో వివరించబడినవి.

భౌగోళిక స్వరూపం

స్ట్రాంబోలి ఏడు ద్వీపాలు గల ఇయోలియన్ ద్వీపసమూహంలో ఒకటి. "అగ్నిపర్వతం" అనే అర్థమిచ్చే ఐరోపా భాషల పదాలకు మూలమైన వుల్కానో ద్వీపం కూడా ఈ సమూహంలోనిదే. ఈ ద్వీపసమూహాన్ని 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించినది. స్ట్రాంబోలి అనే పేరు "గుండ్రనిది" అనే అర్థం గల ప్రాచీన గ్రీకు పదం నుండి వచ్చినది.

ద్వీపం వైశాల్యం సుమారు 12.6 చదరపు కిలోమీటర్లు. పర్వతం ఎత్తు సముద్రమట్టానికి సుమారు 924 మీటర్లు. అయితే పర్వతంలో ఎక్కువ భాగం నీటి అడుగున ఉన్నది. సముద్రగర్భం నుండి కొలిస్తే దీని ఎత్తు 2,700 మీటర్లకు మించుతుంది. అగ్నిబిలాలు శిఖరాగ్రాన కాక, దానికి కొంత దిగువన, సుమారు 750 మీటర్ల ఎత్తులో ఒక మెట్టువంటి ప్రదేశంలో ఉన్నవి. వాటికి పైన 918 మీటర్ల ఎత్తులో "పిజ్జో సొప్రా లా ఫోస్సా" అనే శిఖరం కలదు. ఈ అమరిక వలననే యాత్రికులు పైన నిలిచి, క్రింద జరిగే విస్ఫోటనాలను చూడగలిగేవారు. ఇటువంటి అవకాశం ప్రపంచంలో బహు కొద్ది అగ్నిపర్వతాల వద్ద మాత్రమే ఉన్నది.

పర్వతానికి వాయవ్య దిశలో "సియారా డెల్ ఫువోకో" అనే నిటారైన వాలు ఉన్నది. బిలాల నుండి వెలువడే లావా, రాళ్ళు, బూడిద చాలావరకు ఈ వాలు మీదుగా దొర్లి సముద్రంలో పడతాయి. జనావాసాలు దీనికి దూరంగా ఉన్నవి. ఈశాన్య తీరాన స్ట్రాంబోలి గ్రామం, నైరుతి తీరాన జినోస్ట్రా అనే చిన్న పల్లె కలవు. ఈ రెండింటి మధ్య రోడ్డు లేదు. రాకపోకలు పడవల ద్వారానే సాగుతాయి.

విస్ఫోటన విధానం

స్ట్రాంబోలి శిలాద్రవం బసాల్టు రకానికి చెందినది, కొంత పలుచనిది. అందులో కరిగివున్న వాయువులు పైకి వచ్చే కొద్దీ బుడగలుగా విడివడతాయి. చిన్న బుడగలు కలిసి పెద్దవై, నాళంలో పైకి ఎగబ్రాకి, ఉపరితలం వద్ద పగులుతాయి. మరుగుతున్న చిక్కటి పప్పులో బుడగ పగిలినప్పుడు చుక్కలు ఎగిరిపడినట్లే, ఇక్కడ ఎర్రగా కాలిన లావా ముద్దలు సాధారణంగా కొన్ని పదుల మీటర్ల నుండి సుమారు 200 మీటర్ల ఎత్తు వరకు ఎగురుతాయి. ఒక్కొక్క విస్ఫోటనం కొన్ని సెకన్లు మాత్రమే ఉంటుంది. ప్రపంచంలో ఎక్కడ ఈ తరహా విస్ఫోటనం జరిగినా, శాస్త్రవేత్తలు దానిని "స్ట్రాంబోలియన్ విస్ఫోటనం" అని పిలుస్తారు. భారతదేశంలోని ఏకైక క్రియాశీల అగ్నిపర్వతమైన అండమాన్ సముద్రంలోని బారెన్ ద్వీపంలో కూడా ఈ తరహా విస్ఫోటనాలు గమనించబడినవి.

అరుదుగా, లోతు నుండి వాయువులతో నిండిన శిలాద్రవం అతివేగంగా పైకి తన్నుకువచ్చి పెను విస్ఫోటనం జరుగుతుంది. రోజువారీ విస్ఫోటనాల క్రమాన్ని గమనించి పెను విస్ఫోటనం ఏ దినాన వస్తుందో ముందుగా చెప్పడం సాధ్యం కాదు. ఈ పర్వతారోహణలోని అసలు ప్రమాదం ఇదే. వందల సార్లు క్రమం తప్పకుండా, హాని లేకుండా పేలే పర్వతం, చూచేవారిలో అది ఎప్పుడూ అలాగే ఉంటుందనే నమ్మకాన్ని కలిగిస్తుంది.

శిఖర యాత్ర సాగిన తీరు

2019కి ముందు శిఖర యాత్ర సాధారణంగా సాయంకాలం స్ట్రాంబోలి గ్రామంలోని చర్చి ముంగిట మొదలయ్యేది. ఒక గైడు వెంట గరిష్ఠంగా 20 మందిని మాత్రమే అనుమతించేవారు. బయలుదేరే ముందు గైడు ప్రతి ఒక్కరి బూట్లు, నీరు, తలదీపం, హెల్మెట్ పరిశీలించేవారు. శిఖరం చేరడానికి సుమారు మూడు గంటలు పట్టేది. మొదట రెల్లు, పొదల మధ్య మెలికలు తిరిగే కాలిబాట, ఆపైన చెట్టూచేమా లేని నల్లని బూడిద నేల వచ్చేవి.

సూర్యాస్తమయ సమయానికి శిఖరం చేరడం ఈ యాత్రలోని ముఖ్యాంశం. పగటి వెలుతురులో పొగ, బూడిద మాత్రమే కనిపించే విస్ఫోటనాలు, చీకటి పడిన తరువాత ఎర్రని నిప్పుల ధారలుగా కనిపించేవి. శిఖరం వద్ద కాంక్రీటుతో కట్టిన రక్షణ గదులు కొన్ని ఉండేవి. అక్కడ ఎంతసేపు నిలవాలో గైడు నిర్ణయించేవారు. తిరుగు ప్రయాణం రీనా గ్రాండే అనే మెత్తని బూడిద వాలు మీదుగా, తలదీపాల వెలుతురులో సాగేది. అడుగు వేసిన చోటల్లా కాలు చీలమండ వరకు దిగబడేది గనుక, ఎక్కిన దానికన్నా తక్కువ సమయంలోనే క్రిందికి చేరేవారు.

గైడు బాధ్యత

ఇటలీలో అగ్నిపర్వత గైడు అనేది చట్టం గుర్తించిన వృత్తి. పర్వత గైడుల వృత్తికి సంబంధించిన 1989 నాటి చట్టంలో, అగ్నిపర్వతాలు ఉన్న ప్రాంతాలలోని గైడుల గురించి కూడా పేర్కొనబడినది.

దారి చూపడం గైడు పనిలో చిన్న భాగం మాత్రమే. స్ట్రాంబోలిపై బాట స్పష్టంగానే ఉంటుంది. గైడు ముఖ్యంగా గమనించే విషయాలు ఇవి:

గాలి: బిలాల నుండి సల్ఫర్ డయాక్సైడ్ వంటి వాయువులు నిరంతరం వెలువడతాయి. గాలి యాత్రికుల వైపు తిరిగితే కళ్ళ మంట, దగ్గు, ఊపిరి ఆడకపోవడం కలుగుతాయి. ఉబ్బసం ఉన్నవారికి ఇది మరింత ప్రమాదకరం.

మబ్బు: శిఖరాన్ని మబ్బు కమ్మితే ఎగిరివచ్చే రాయి కనిపించదు, దారి కూడా కనిపించదు.

పర్వతం తీరు: విస్ఫోటనాల మధ్య విరామం, ధ్వని, పొగ రంగు మారినప్పుడు, అనుభవం గల గైడు ఆ మార్పును గుర్తిస్తారు. పరిశీలన కేంద్రాల నుండి వచ్చే సమాచారంతో దానిని సరిపోల్చుకొంటారు.

బృందం స్థితి: అలసిపోయిన ఒక్క వ్యక్తి వలన బృందమంతా చీకటిలో చిక్కుకొనే అవకాశం ఉన్నది. కావున గైడు బృందంలో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారిని బట్టి వేగాన్ని నిర్ణయిస్తారు.

వీటన్నిటి ఆధారంగా "ఇక వెనుదిరగాలి" అని చెప్పడమే గైడు చేసే అత్యంత కష్టమైన పని. దూరదేశాల నుండి డబ్బు వెచ్చించి వచ్చినవారు శిఖరానికి కొద్ది దూరంలో వెనుదిరగడానికి సులభంగా ఒప్పుకోరు. ఆ మాటను ఎదురు చెప్పకుండా పాటించడం యాత్రికుని మొదటి కర్తవ్యం.

పెను విస్ఫోటనాలు

1930 సెప్టెంబరు 11: తెలిసిన చరిత్రలో అతి తీవ్రమైన వాటిలో ఒకటి. ప్రాణనష్టం జరిగినది, ఇళ్ళు ధ్వంసమైనవి. ఆ కాలంలో ద్వీపవాసులు అనేకులు విదేశాలకు వలసపోయినారు.

2002 డిసెంబరు 30: సియారా డెల్ ఫువోకో వాలు నుండి భారీగా నేల జారి సముద్రంలో పడడంతో సునామీ ఏర్పడి, తీరంలోని ఇళ్ళు దెబ్బతిన్నవి. యాత్రికులు తక్కువగా ఉండే శీతాకాలం కావడం వలన పెద్ద ప్రాణనష్టం తప్పినది. 2003 ఏప్రిల్ 5న పెను విస్ఫోటనం జరిగినది.

2007 మార్చి 15: లావా ప్రవాహం సాగుతున్న సమయంలో మరొక పెను విస్ఫోటనం సంభవించినది.

2019 జూలై 3: సాయంత్రం నాలుగున్నర దాటిన తరువాత పెను విస్ఫోటనం జరిగి, బూడిద స్తంభం కొన్ని కిలోమీటర్ల ఎత్తుకు లేచినది. జినోస్ట్రా వైపు కొండపై నడుస్తున్న ఒక యాత్రికుడు మరణించినాడు. సాయంకాలపు బృందాలు శిఖరం చేరే వేళకు ముందే ఇది జరిగినది. కొద్ది గంటలు ఆలస్యమై ఉంటే మృతుల సంఖ్య ఎంతో ఎక్కువగా ఉండేది. ఆ దినాన యాత్రికులను కాపాడినది ఎవరి నేర్పూ కాదు, సమయం మాత్రమే. అదే సంవత్సరం ఆగస్టు 28న మరొక పెను విస్ఫోటనం జరిగినది.

2024 జూలై 11: లావా ప్రవాహాల అనంతరం మరల పెను విస్ఫోటనం జరిగినది.

పరిశీలన, నిబంధనలు

ఇటలీ జాతీయ భూభౌతిక, అగ్నిపర్వత శాస్త్ర సంస్థ, ఫ్లోరెన్స్ విశ్వవిద్యాలయం ఈ పర్వతాన్ని నిరంతరం పరిశీలిస్తున్నవి. పెను విస్ఫోటనానికి ముందు శిలాద్రవం పైకి రావడం వలన నేల అతిస్వల్పంగా ఉబ్బుతుందని పరికరాల ద్వారా తెలిసినది. దీని ఆధారంగా ద్వీపంలో సైరన్లు మ్రోగించే ఏర్పాటు ఉన్నది. అయితే ఈ హెచ్చరిక కొద్ది నిమిషాల ముందు మాత్రమే లభిస్తుంది. తీరంలో ఉన్నవారు ఎత్తైన చోటికి చేరడానికి ఆ సమయం చాలవచ్చును. శిఖరంపై ఉన్నవారు దిగిరావడానికి చాలదు. శిఖర యాత్ర నిలిపివేతను అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క లెక్క చాలు.

2019 తరువాతి నిబంధనల ప్రకారం సాధారణంగా 290 మీటర్ల ఎత్తు వరకు గైడు లేకుండా, 400 మీటర్ల వరకు గైడుతో వెళ్ళవచ్చును. పర్వతం తీరును బట్టి అధికారులు ఈ హద్దులను మారుస్తుంటారు, ఒక్కొక్కసారి ఆరోహణను పూర్తిగా నిషేధిస్తారు. కావున ప్రయాణానికి ముందు తాజా ఉత్తర్వులను తెలుసుకోవాలి. సియారా డెల్ ఫువోకో ఎదుట నుండి, లేదా సముద్రంలో పడవ నుండి రాత్రివేళ విస్ఫోటనాలను చూడవచ్చును.

యాత్రికులకు జాగ్రత్తలు

* చీలమండను కప్పే గట్టి బూట్లు, హెల్మెట్, తలదీపం, కనీసం రెండు లీటర్ల నీరు ఉండాలి.
* వేసవిలో కూడా పైన చలిగాలి వీస్తుంది. చెమటతో తడిసిన దుస్తులు మార్చుకోవడానికి మరొక జత అవసరం.
* బూడిద నుండి కళ్ళకు అద్దాలు, ముక్కుకు ముసుగు లేదా గుడ్డ ఉపయోగించాలి.
* ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారు ఆ విషయం గైడుకు ముందే తెలియజేయాలి.
* రాళ్ళు ఎగిరిపడుతుంటే వెనుదిరిగి పరుగెత్తరాదు. వాటిని చూస్తూ ప్రక్కకు తప్పుకోవాలి, గైడు చూపిన ఆశ్రయం చేరాలి.
* తీరంలో ఉండగా సైరను వినిపించినా, సముద్రం హఠాత్తుగా వెనక్కు తగ్గినా వెంటనే ఎత్తైన చోటికి వెళ్ళాలి.

ఇతర అగ్నిపర్వతాల అనుభవం

2014 సెప్టెంబరు 27న జపాన్‌లోని ఒంటాకే పర్వతం హఠాత్తుగా పేలినప్పుడు, శిఖర ప్రాంతంలో ఉన్నవారిలో 63 మంది మరణించడమో, గల్లంతు కావడమో జరిగినది. 2019 డిసెంబరు 9న న్యూజీలాండ్‌లోని వకారి (వైట్ ఐలాండ్) పేలినప్పుడు ద్వీపంపై 47 మంది ఉండగా 22 మంది మరణించినారు. మృతులలో ఇద్దరు గైడులు కూడా ఉన్నారు.

ఈ సంఘటనల వలన తెలిసేది ఏమనగా, గైడు దారి తప్పడం, జారిపడడం, విషవాయువులు, అలసట వంటి ప్రమాదాలను చాలావరకు తగ్గించగలరు. పెను విస్ఫోటనాన్ని ఆపలేరు, దాని వేళను ముందుగా చెప్పలేరు. ఆ ప్రమాదాన్ని తగ్గించే మార్గాలు రెండే: బిలానికి దూరంగా ఉండడం, దగ్గరగా ఉండే సమయాన్ని తగ్గించడం. స్ట్రాంబోలిలో నేడు అమలులో ఉన్న ఎత్తు హద్దుల ఉద్దేశం ఇదే.

ఇవి కూడా చూడండి

* అగ్నిపర్వతం
* ఎట్నా
* బారెన్ ద్వీపం
* సునామీ