బాతుల్ని తెచ్చే కుక్క, గన్నవరం ఎండ

మా వీధిలోనే మూడు లాబ్రడార్లున్నాయి, మా జిమ్మీతో కలిపి. పేరు కెనడాలోని లాబ్రడార్‌ది, పుట్టుక మాత్రం న్యూఫౌండ్లాండ్ దీవిది. అక్కడ జాలర్లతో పాటు చల్లటి సముద్రంలోకి దూకి, జారిపోయిన చేపల్ని పట్టుకొచ్చేవి. 19వ శతాబ్దంలో బ్రిటన్ దొరలు వాటిని తెప్పించుకుని, తుపాకీతో కొట్టిన బాతుల్ని నీళ్లలోంచి తెచ్చే పనికి పెంచారు. 1903లో అక్కడి కెన్నెల్ క్లబ్ జాతిగా గుర్తించింది.

ఒళ్లు కూడా ఆ పనికి తగ్గట్టే ఉంటుంది. నీళ్లు ఇంకని రెండు పొరల బొచ్చు, ఈతలో చుక్కానిలా తిరిగే లావు తోక, పిట్టకి గాటు పడకుండా పట్టే మెత్తటి నోరు. (కొల్లేరు పక్కనే ఉందిగా అనకండి, అక్కడ పిట్టల్ని కొడితే జైలే!)

అసలు చిక్కు ఆకలితో. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ఒక సంగతి తేల్చారు: దాదాపు నాలుగో వంతు లాబ్రడార్లలో పీఓఎంసీ అనే జన్యువులో కొంత ముక్క ఉండదు. అలాంటివాటికి ఆకలి ఎక్కువ, బరువూ ఎక్కువే. మగ లాబ్రడార్ 29 నుంచి 36 కిలోలుండాలి. అమ్మమ్మ జాలిపడి పెట్టే పెరుగన్నం ముద్దలతో జిమ్మీ 42కి చేరింది. పైగా కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూనే చల్లబడాలి. కృష్ణా జిల్లా ఉక్కపోతలో ఆ రొప్పు కూడా సరిగా పనిచెయ్యదు.

అందుకే ఇప్పుడు తెల్లవారుజామున ఐదింటికే నడక, కొలిచి పెట్టే తిండి. అమ్మమ్మకి మాత్రం ఇంకా నచ్చజెబుతున్నాం.