తన చదువు తానే నడుపుకొనే విద్యార్థి

2011 చివర్లో స్టాన్‌ఫర్డ్ ఆచార్యులు తమ కృత్రిమ మేధ కోర్సును ఇంటర్నెట్‌లో ఉచితంగా తెరిచారు. సుమారు 1,60,000 మంది పేర్లు నమోదు చేసుకున్నారు. ఇక చదువుకు గోడలుండవని ఎందరో నమ్మారు. 2019లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఆ నమ్మకాన్ని లెక్కలతో సరిచూసింది. హార్వర్డ్, ఎంఐటీ సంస్థలు ఎడ్ఎక్స్ వేదికపై నడిపిన కోర్సుల్లో 2017-18లో పూర్తయిన నమోదులు 3.13 శాతమే.

ఈ ఒక్క అంకెతో తీర్పు చెప్పడం అన్యాయమే. ఉచితం కాబట్టి చాలామంది తొంగిచూసి పోవడానికే చేరతారు. అయితే హార్వర్డ్ కోర్సులు తొమ్మిదింటిలో, చేరినప్పుడే విద్యార్థుల ఉద్దేశం అడిగి ఆ తర్వాత ఏం జరిగిందో గమనించారు. పూర్తి చేసి సర్టిఫికెట్ తీసుకోవాలని అనుకొని వచ్చినవారిలోనూ అది అందుకున్నవారు 22 శాతమే. అంటే ప్రతి అయిదుగురిలో దాదాపు నలుగురి సంకల్పం మధ్యలో ఎక్కడో జారిపోయింది. దాన్ని బద్ధకం అనేయడం సులువు. నేను మాత్రం దాన్ని కోర్సు రూపకల్పనలోని లోపంగానే చూస్తాను. ఎప్పుడైనా, ఎక్కడైనా, ఎంతైనా చదువుకోవచ్చని విద్యార్థికి చెప్పాం. అలా చదువుకోవడం ఎలాగో నేర్పలేదు.

దూరవిద్య సిద్ధాంతకర్త మైకేల్ మూర్ ఈ చిక్కును 1970లలోనే పట్టుకున్నారు. విద్యార్థికీ బోధకుడికీ మధ్య అసలు దూరాన్ని మైళ్లలో కొలవలేమని, అది అవగాహనలో ఏర్పడే ఎడమని ఆయన చెప్పారు. పాఠం అమరిక, ఇద్దరి మధ్య సంభాషణ, విద్యార్థి స్వయంప్రతిపత్తి అనే మూడింటిని బట్టి ఆ ఎడం పెరగడమో తగ్గడమో ఉంటుంది. తెలుగునేలకు ఇది అనుభవంలో ఉన్న విషయమే. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే మొదలైంది. ప్రొఫెసర్ జి. రామ్‌రెడ్డి తొలి ఉపకులపతిగా ఆరంభమైన ఆ సంస్థ ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తోంది. ఉద్యోగం చేసుకుంటూనో, ఇల్లు చక్కబెట్టుకుంటూనో చదివేవారికి తెలుగులో అచ్చయిన పాఠాలు ఇంటికి చేరేవి. సందేహాలు తీర్చుకోవడానికి అధ్యయన కేంద్రాలు ఉండేవి. ఇంటి దగ్గరి చదువునూ ముఖాముఖి తరగతినీ కలిపే, ఇవాళ హైబ్రిడ్ అంటున్న పద్ధతికి కావలసిన దినుసులన్నీ అందులో ఉన్నాయి.

విద్యార్థికి స్వేచ్ఛ ఇవ్వాలంటే కోర్సు కట్టుబాట్లు సడలించాలన్న భావన మన కళాశాలల్లో బలంగా ఉంది. పరిశోధన అలా చెప్పడం లేదు. ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ రూపొందించిన స్వయంనిర్ణయ సిద్ధాంతం ప్రకారం మనిషి ఇష్టంతో నేర్చుకోవాలంటే మూడు అవసరాలు తీరాలి: ఈ పని నా సమ్మతితో చేస్తున్నానన్న భావం, చేయగలనన్న నమ్మకం, తోటివారున్నారన్న ధీమా. ఇందులో స్వేచ్ఛ అంటే ఒంటరిగా వదిలేయడమనే అర్థం ఎక్కడా లేదు. జాంగ్, రీవ్, డెసీ కలిసి 2010లో వెలువరించిన అధ్యయనం అమెరికాలో 133 ఉన్నత పాఠశాల తరగతులను పరిశీలించింది. విద్యార్థి ఇష్టానికి చోటిచ్చిన ఉపాధ్యాయుల్లోనే స్పష్టమైన అమరిక కూడా ఎక్కువగా కనిపించింది. విద్యార్థులు పాఠంలో నిమగ్నం కావడానికి ఆ రెండూ తోడ్పడ్డాయి. చిక్కుడు తీగకు పందిరి అడ్డం కాదు కదా.

ఆ పందిరి ఎలా ఉండాలో చూడటానికి డిగ్రీ మొదటి సంవత్సరం గణాంకశాస్త్రం కోర్సును తీసుకుందాం. మొదట వీడియోలు. ఎడ్ఎక్స్‌లో 69 లక్షల వీక్షణలను ఫిలిప్ గువో బృందం 2014లో విశ్లేషించింది. వీడియో ఎంత పొడవున్నా మధ్యస్థ వీక్షణ సమయం 6 నిమిషాలు దాటలేదు. దీన్ని చూసి గంట ఉపన్యాసాన్ని పది ముక్కలు చేసినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. సగటుకూ మధ్యస్థానికీ తేడా చెప్పే వీడియో ముగియగానే ఒక ఊరి ఆదాయాల పట్టిక ఇచ్చి, ‘ఇద్దరు కోటీశ్వరులు ఈ ఊరికి వస్తే ఏ విలువ మారుతుంది?’ అని అడగాలి. జవాబు చెప్పాకే తర్వాతి పాఠం తెరుచుకోవాలి.

ఇలా పదేపదే అడగడం ఎందుకో చూపే ప్రయోగం ఒకటుంది. 2006లో రోడిగర్, కార్పికే విద్యార్థులకు ఒక పాఠ్యభాగమిచ్చారు. కొందరు దాన్ని మళ్లీ చదివారు. మరికొందరు పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో మళ్లీ చదివినవారిదే పైచేయి. వారం తర్వాత లెక్క తలకిందులైంది: గుర్తుచేసుకొని రాసినవారికి 56 శాతం, మళ్లీ చదివినవారికి 42 శాతం జ్ఞాపకముంది. ఎలా చదవాలో ఎంచుకొమ్మంటే అనుభవం లేని విద్యార్థి మళ్లీ చదవడాన్నే ఎంచుకుంటాడు, అది హాయిగా ఉంటుంది గనుక. హార్వర్డ్ భౌతికశాస్త్ర తరగతుల్లోనూ ఇదే కనిపించింది. 2019లో ప్రచురితమైన ఆ పరిశోధనలో, తామే సమస్యలు సాధిస్తూ కూర్చున్నవారు ఎక్కువ నేర్చుకున్నారు. అయినా తక్కువ నేర్చుకున్నామనే భావించారు. చక్కటి ఉపన్యాసం విన్నవారు దానికి విరుద్ధం.

నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునేది ఇక్కడే ఉంది. కష్టమైన పద్ధతి ఎందుకు పెట్టామో మొదటి వారంలోనే విద్యార్థికి విప్పి చెప్పాలి. అంతటితో ఆగకుండా అతని చేతనే పరీక్షించి చూపించాలి. ఒక పాఠాన్ని మళ్లీ చదివి, ఇంకొకదాన్ని గుర్తుచేసుకొని రాసి, వారం తర్వాత తన మార్కులు తానే పోల్చుకోమనాలి. గణాంకశాస్త్రం కోర్సులో తరగతి అంతటి మార్కులూ కలిపితే అదే తొలి దత్తాంశం అవుతుంది. కారణం తెలిసి ఒప్పుకొని చేసే పనికీ, హాజరు కోసం చేసే పనికీ ఉన్న తేడాను ఏ విద్యార్థీ మరిచిపోడు.

ఎంపికలు తర్వాతి మెట్టు. అవతార్ బొమ్మ ఎంచుకోవడం లాంటివి ఎంపికలే కావు. ఏ దత్తాంశాన్ని విశ్లేషించాలో విద్యార్థి నిర్ణయించుకోవాలి: మండలం వర్షపాతమో, మార్కెట్ యార్డు మిర్చి ధరలో, క్రికెట్ స్కోర్లో. ప్రశ్న అతనిదే, దాన్ని విశ్లేషించే పద్ధతి మాత్రం అందరికీ ఒకటే. గడువుల విషయంలో ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటెల్ ఏర్పాటు నాకు నచ్చుతుంది. పన్నెండు వారాల కోర్సులో ప్రతి వారం అసైన్‌మెంట్ ఉంటుంది, కానీ ఉత్తమమైన ఎనిమిదింటి మార్కులే లెక్కలోకి వస్తాయి. గడువు గడువుగానే ఉంటుంది. జ్వరమొచ్చిన వారమో, పెళ్లిళ్ల వారమో ఎవరినీ బతిమాలనక్కర లేదు. కాకపోతే అసైన్‌మెంట్ల వాటా 25 శాతమే, మిగిలిన 75 శాతం పరీక్షాకేంద్రంలో రాసే పరీక్షది. చాలా కోర్సుల్లో బహుళైచ్ఛిక ప్రశ్నలదే రాజ్యం. విద్యార్థి సొంత ప్రశ్నకు అక్కడ చోటు దొరకదు.

పాఠాలు ఫోన్‌లోనే చూసేవారి కోసం వీడియో దిగుమతి చేసుకొనే వీలు, రాతప్రతి, వీలైతే తెలుగు ఉపశీర్షికలు తప్పనిసరి. డేటా అయిపోగానే ఆగిపోయే చదువులో స్వేచ్ఛ గురించి మాట్లాడలేం.

చవకైన కిటుకులపై ఎక్కువ ఆశ పెట్టుకోకూడదు. ఎప్పుడు, ఎక్కడ చదువుతారో ముందే రాసుకోమనడం వంటి చిన్న ప్రోత్సాహకాలను హార్వర్డ్, ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్‌లకు చెందిన సుమారు 250 కోర్సుల్లో, దాదాపు రెండున్నర లక్షల మందిపై పరీక్షించారు. 2020లో వెలువడిన ఫలితం నిరాశపరిచింది. మొదటి కొన్ని వారాల్లో కొంత మేలు కనిపించి, ఆ తర్వాత కరిగిపోయింది. చివరిదాకా నిలబెట్టేది మనిషి తోడే.

అందుకే హైబ్రిడ్ కోర్సులో ముఖాముఖి గడిపే గంట విలువైనది. అమెరికాలో ఆరు ప్రభుత్వ విశ్వవిద్యాలయ ప్రాంగణాల్లో విలియం బోవెన్ బృందం యాదృచ్ఛికంగా విద్యార్థులను విభజించి గణాంకశాస్త్రాన్నే పరీక్షించింది. కార్నెగీ మెలన్ రూపొందించిన ఇంటరాక్టివ్ పాఠాలతో పాటు వారానికి ఒక గంట తరగతి ఉన్నవారు, మూడు నాలుగు గంటల మామూలు తరగతులకు వెళ్లినవారితో సమానంగా నేర్చుకున్నారు. ఆ గంటలో వీడియో పాఠాన్నే మళ్లీ చెబితే విద్యార్థి వీడియో చూడటం మానేస్తాడు. ముందు రాత్రి ఇచ్చిన జవాబుల్లో ఎక్కువమంది తడబడిన రెండు ప్రశ్నలతో గంట మొదలవ్వాలి, పక్కవారితో వాదించుకోనివ్వాలి. సెమిస్టర్ ముందుకు సాగేకొద్దీ ఏ ప్రశ్నలు చర్చించాలో విద్యార్థులే తేల్చాలి, చివరి ప్రాజెక్టును ఏ కొలమానాలతో దిద్దాలో వారూ రాయాలి.

ఇదంతా చేసే అధ్యాపకుడికి సమయం కావాలి. ముందు రాత్రి జవాబులు చదవడానికీ, వెనకబడినవారికి ఫోన్ చేయడానికీ, పట్టికలు మార్చి కొత్త ప్రశ్నలు తయారు చేయడానికీ గంటలు పడతాయి. తరగతి గదిలో నిలబడిన గంటలనే పనిభారంగా లెక్కిస్తే ఈ శ్రమ లెక్కకు రాదు. ఆన్‌లైన్ కోర్సు పెట్టదలచిన ప్రతి కళాశాలా వేదిక కొనడానికంటే ముందు ఆ గంటలను అధ్యాపకుడి టైమ్‌టేబుల్‌లో చేర్చాలి.