పడుగు చైనాది, పేక మనది

మదనపల్లె పట్టుగూళ్ల మార్కెట్లో రీలరు (గూళ్ల నుంచి దారం తీసేవాడు) ముందు ధర అడగడు. లాటులోంచి గుప్పెడు గూళ్లు తీసి బొటనవేలితో నొక్కుతాడు, చెవి దగ్గర ఆడిస్తాడు. లోపల ప్యూపా గలగలమంటే గూడు పండినట్టు. పెంకు మెత్తగా నొక్కుకుపోతే దారం తక్కువ. ఇంత పరీక్షా ఒక్క లెక్క కోసమే: ఎన్ని కిలోల గూళ్లకు కిలో దారం వస్తుంది? పట్టు పనివాళ్లు దీన్ని రెండిట్టా అంటారు. మంచి బైవోల్టిన్ (ఏడాదికి రెండు తరాల జాతి) గూళ్లకు అది ఆరు, ఆరున్నర. సంకర జాతి గూళ్లకు ఏడు, ఎనిమిది.

ఢిల్లీలో మారే దిగుమతి సుంకం పుంగనూరు రైతు ఇంటికి చేరేది ఈ అంకె దారిలోనే. రెండిట్టా ఏడు అనుకుందాం. విదేశీ దారం చవకై కిలో దారం ధర వెయ్యి రూపాయలు పడిపోయిందనుకుందాం. రీలరుకు కూలీ తగ్గదు, కట్టెల ఖర్చు తగ్గదు, కరెంటు బిల్లు తగ్గదు. ఆ వెయ్యినీ అతను గూళ్ల ధరలోనే రాబట్టుకోవాలి. వెయ్యిని ఏడుతో భాగిస్తే కిలో గూళ్లకు సుమారు 143 రూపాయల కోత. రాత్రిళ్లు లేచి ఆకు వేసి, నాలుగు జ్వరాలు (పురుగు కుబుసం విడిచే దశలకు రైతులు పెట్టుకున్న పేరు) దాటించి, గూడు కట్టే చంద్రికల మీదికి ఎక్కించిన పంటకు ఆ కోత చిన్నది కాదు.

2011 బడ్జెట్లో ముడి పట్టుపై సుంకాన్ని 30 శాతం నుంచి ఒక్కసారిగా 5 శాతానికి దించారు. కర్ణాటకలోనూ మన దగ్గరా గూళ్ల ధరలు కుప్పకూలాయి. 2013లో 15 శాతం చేశారు. తర్వాత 10కి తగ్గించారు. 2021లో మళ్లీ 15. మల్బరీ తోట ఒకసారి నాటితే పదేళ్లకు పైగా ఆకునిస్తుంది. ఆ పదేళ్లలో సుంకం నాలుగుసార్లు మారింది.

అయితే సుంకం పెంచేస్తే సరిపోతుందా? ఈ ప్రశ్న మదనపల్లెలోనే నీరుగట్టువారిపల్లె మగ్గాల దగ్గర అడిగితే జవాబు వేరుగా వస్తుంది. చీరలో పడుగు బిగువుగా సాగి, అచ్చు దెబ్బలకు రాసుకుంటూ నిలబడాలి. దానికి మొదటి నుంచి చివరిదాకా ఒకే మందం ఉన్న దారం కావాలి. బైవోల్టిన్ గూటిలో పోగు తెగకుండా కిలోమీటరు దాకా వస్తుంది. సంకర జాతి గూటిలో అంత పొడవు ఉండదు. చరఖా మీద తీస్తే అతుకులు, ఎగుడుదిగుళ్లు ఎక్కువ. అందుకే ఏళ్ల తరబడి పడుగుకు ఆటోమేటిక్ యంత్రాల మీద తీసిన చైనా దారం, పేకకు నాటు దారం అన్నది మగ్గాల దగ్గర పాతుకుపోయిన ఏర్పాటు. రైతును కాచే సుంకం నేతగాడికి ముడిసరుకు మీద పన్ను.

ఇక్కడ అర్థశాస్త్రంలో ఒక చక్కని లెక్క ఉంది. విదేశీ గుడ్డ ధర 100 రూపాయలు, అందులో దారం విలువ 60 అనుకుందాం. నేతగాడి వాటా 40. గుడ్డపై 10 శాతం, దారంపై 30 శాతం సుంకం వేస్తే గుడ్డ 110కి అమ్ముడవుతుంది, దారం 78 అవుతుంది. నేతగాడికి మిగిలేది 32. పైకి చూస్తే అతనికి 10 శాతం రక్షణ ఇచ్చినట్టే, లోపల చూస్తే కూలిలో అయిదో వంతు పోయింది. రెండింటిపైనా 15 శాతమే ఉంటే అతనికి 46 మిగులుతుంది. తూటాల కర్మాగారానికీ ఇదే సూత్రం: బయటి తూటాపై సుంకం దానికి గొడుగు; ఇత్తడి, సీసంపై సుంకం దానికి భారం. సుంకం శాతం ఒక్కటే చూసి ఎవరికి లాభమో చెప్పేవాళ్లను నమ్మనక్కర్లేదు.

తూటాల మాట ఊరికే రాలేదు. ఒకప్పుడు పట్టు కూడా యుద్ధ సామగ్రే. భారీ ఫిరంగుల్లో గుండును నెట్టే మందును పట్టు సంచుల్లో నింపేవారు. నూలు గుడ్డయితే కాలాక నిప్పు కణికలు మిగిలి, తర్వాతి సంచి లోపలికి తోస్తుండగానే అంటుకునే ప్రమాదం ఉంది. పట్టు ప్రోటీన్ కాబట్టి కణిక మిగలకుండా మాడిపోతుంది. జపాన్ పట్టు ఆగిపోతుందని తెలిసి 1941లో అమెరికా తన ముడి పట్టు నిల్వలను స్వాధీనం చేసుకుంది. తర్వాత ఆడవాళ్ల పాత మేజోళ్లు కూడా సేకరించింది. బ్రిటన్ పారాచూట్ల కోసం మైసూరు పట్టు వైపు చూసింది. అదే మైసూరు పట్టు అంతకు పదేళ్ల ముందు చవక జపాన్, చైనా సరుకు దెబ్బకు చితికిపోయి, టారిఫ్ బోర్డు విచారణ తర్వాత 1934లో రక్షణ సుంకం పొందింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆ గిరాకీ నిలవలేదు.

మళ్లీ నేటి గూళ్ల ధరల దగ్గరికి వస్తే, కుప్పం సంగతి ఇంకొంచెం వేరు. మూడు రాష్ట్రాలు కలిసే చోటు కాబట్టి రైతు ధర బాగున్న వైపు గూళ్లు తీసుకుపోగలడు. కర్ణాటకలోని రామనగర మార్కెట్ ధర ఇక్కడి ధరకు కొలబద్ద.

2000ల ఆరంభంలో ఏటా దాదాపు 9 వేల టన్నుల ముడి పట్టు దిగుమతయ్యేది. ఇటీవల అది సుమారు రెండు నుంచి నాలుగు వేల టన్నుల మధ్యే ఉంది. దేశంలో ఉత్పత్తి అన్ని రకాలూ కలిపి 16 వేల టన్నుల నుంచి 2023-24 నాటికి 39 వేలకు చేరువైంది. ఘనత అంతా సుంకానిదే అంటే సగమే నిజం. 2003లో చైనా పట్టుపై యాంటీ డంపింగ్ సుంకం తోడైంది. చైనాలోనే కూలి రేట్లు పెరిగి మల్బరీ తూర్పు తీరం వదిలి గ్వాంగ్సీ వైపు జరిగింది. ఇక్కడ చాకీ కేంద్రాలు (పిల్ల పురుగులను పెంచి ఇచ్చేవి), బైవోల్టిన్ గుడ్లు, ఆటోమేటిక్ రీలింగ్ యంత్రాలు వచ్చాయి.

మదనపల్లె పక్కనే ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి కట్టించిన చల్లని గాలే బైవోల్టిన్ పురుగుకూ నచ్చుతుంది. దానికి ఉష్ణోగ్రత పాతిక డిగ్రీల చుట్టుపక్కల ఉండాలి. మదనపల్లెలో ఏడాదిలో చాలా నెలలు అది దొరుకుతుంది. ఏప్రిల్, మే నెలల్లో దొరకదు. బోర్లలో నీళ్లు అడుగంటి ఆకు ముదిరిపోతుంది, పురుగు సరిగా తినదు. ఆ నెలల్లో మార్కెట్లో రీలరు బొటనవేలికి పెంకు మెత్తగా తగులుతుంది.